స్టా-బిల్ చాలా ఏళ్లు వాడాక: చలికాలం బండి పక్కన పెట్టేవాళ్లకు నా అనుభవం

అమెరికాలోని మిన్నెసోటాలో మోటార్‌సైకిల్ ఉన్నవాళ్లకు అక్టోబరు చివరికల్లా ఒక పని తప్పదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలయ్యేలోపు బండిని గరాజ్‌లో పెట్టేయాలి. మళ్లీ బయటికి తీసేది ఏప్రిల్‌లోనే. ఆ ఐదారు నెలలు పెట్రోల్ పాడవకుండా ఉండటానికి చాలా ఏళ్లుగా నేను స్టా-బిల్ వాడుతున్నాను. ఇది పెట్రోల్‌లో కలిపే స్టెబిలైజర్ మందు, నేను వాడేది ఎర్రగా ఉండే మామూలు రకం. నా దగ్గర రెండు బళ్లున్నాయి. ఒకటి కార్బురేటర్ ఉన్న పాత హోండా రెబెల్ 250, రెండోది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్, అమెరికాలో ఐఎన్‌టీ 650 పేరుతో అమ్ముతారు. పోసే మందు ఒకటే అయినా రెండింటి విషయంలో అది చేయగలిగే పని ఒకటి కాదు.

ఇంటర్‌సెప్టర్ సంగతి సులువు. ట్యాంకు 13.7 లీటర్లు, అంటే మూడున్నర గ్యాలన్ల పైచిలుకు. సీసా మీద రాసిన లెక్క రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు, దాదాపు 30 మిల్లీలీటర్లు. ఔన్సున్నర మందు ముందుగా ట్యాంకులో పోసుకుని గ్యాస్ స్టేషన్‌కు వెళ్లి నిండా కొట్టిస్తాను. పెట్రోల్ పడే వేగానికే మందు కలిసిపోతుంది. ఇంటికొచ్చేలోపు ఆ కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్ దాకా చేరుతుంది. అంతే, ఇక ముట్టుకోనక్కర్లేదు. ఏప్రిల్‌లో సెల్ఫ్ నొక్కగానే అందుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ట్యాంకు నిండా ఎందుకంటే, సగం ఖాళీగా ఉంటే ఆ జాగాలో గాలి, గాలిలో తేమ. చలి పెరిగి తగ్గినప్పుడల్లా ఆ తేమ లోపలి గోడలకు పట్టి ఇనుప ట్యాంకు తుప్పు పడుతుంది. మందు కలిపిన పెట్రోల్ అయినా తను తాకని గోడను కాపాడలేదు.

ఇక రెబెల్. దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన చలికాలాల్లో పెట్రోల్ అలాగే వదిలేసి బండిని మూల పెట్టేశాడట. కార్బురేటర్ విప్పితే ఫ్లోట్ బౌల్ (పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె) అడుగున చిక్కటి గోధుమరంగు జిగురు, వార్నిష్ వాసన. పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలున్న ఇత్తడి జెట్‌ల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. పైలట్ జెట్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే అవతల ఏమీ కనిపించలేదు. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, కాస్త జిగురు చాలు మూసుకుపోవడానికి. అది మూసుకుపోతే చోక్ లాగితేనే బండి నడుస్తుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. వసంతంలో చాలామంది రిపేరు షాపుకు తోసుకెళ్లే బళ్ల జబ్బు ఇదే.

మరి మందు పోస్తే ఇది రాదా? ట్యాంకులో రాదు. బౌల్‌లో రావచ్చు. ట్యాంకులో పది లీటర్ల పెట్రోల్ ఉంటుంది, మూత గట్టిగా ఉంటుంది. బౌల్‌లో ఉండేది చిన్న కప్పుడు పెట్రోల్, పైగా దానికి గాలి తగిలే దారి తెరిచే ఉంటుంది. స్టెబిలైజర్ పెట్రోల్ గాలితో కలిసి జిగురుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది కానీ ఆవిరి కాకుండా ఆపలేదు. తేలికగా మండే భాగం ముందు ఎగిరిపోతుంది, మిగిలింది అడుగున పేరుకుంటుంది. అందుకే కార్బురేటర్ బండికి మందు సగం పనే చేస్తుందని నా అభిప్రాయం. మిగతా సగం మనమే చేయాలి.

నేను చేసేది ఇది. మందు కలిపి ట్యాంకు నింపాక ఇంజన్‌ను పది నిమిషాలు నడుపుతాను. పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ రాకుండా ఆపే కుళాయి) ఆఫ్ చేసి, ఇంజన్ పూర్తిగా చల్లారాక బండిని ఆరుబయట పెట్టి, బౌల్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ కాస్త వదులు చేస్తాను. పైపులోంచి పెట్రోల్ గాజు సీసాలోకి కారుతుంది. గాజుదే ఎందుకంటే తుప్పు నలకలున్నా, అడుగున నీటి బుడగ ఉన్నా అందులో కళ్లకు కడుతుంది. కాక్ ఆఫ్ చేసి ఇంజన్ ఆగిపోయేదాకా నడిపితే చాలంటారు కొందరు. అలా చేసినా బౌల్ అడుగున కొంత మిగులుతుంది, చెడేది ఆ మిగిలిందే. ఇంకొందరు బౌల్ ఖాళీగా ఉంటే రబ్బరు రింగులు ఎండిపోతాయంటారు. ఐదారు నెలల ఖాళీకి నా బండిలో ఎక్కడా లీక్ రాలేదు. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉన్నవాళ్లు ఈ పని లోపల చచ్చినా చేయొద్దు. ఆవిరి నేల వెంబడి పాకి ఆ మంట దాకా వెళ్తుంది.

ఎలాంటి పెట్రోల్ పోస్తున్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. ఇక్కడ మామూలు పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, మోతాదు మించితే ఆ నీటితో కలిసి విడిపోయి అడుగుకు చేరుతుంది. చలి ముదిరేకొద్దీ ఇంకా తక్కువ నీటికే అలా జరుగుతుంది. ఒకసారి విడిపోతే ఏ మందూ తిరిగి కలపలేదు. మిన్నెసోటాలో మోటార్‌సైకిళ్లు, పడవలు, పాత కార్ల కోసం ఇథనాల్ లేని 91 ఆక్టేన్ పెట్రోల్ చాలా స్టేషన్లలో అమ్ముతారు. రేటు ఎక్కువే అయినా చలికాలం ముందు ఆఖరి ట్యాంకుకు నేను అదే కొట్టిస్తాను, మందు దానిలోనూ కలుపుతాను. అప్పటికే నెలల నాటి పెట్రోల్‌లో కలిపితే మాత్రం ప్రయోజనం లేదు. మందు తాజాదాన్ని నిలబెడుతుంది, పాతదాన్ని బాగు చేయదు.

మధ్యలో వారానికోసారి స్టార్ట్ చేస్తే ఈ బాధలన్నీ ఉండవు కదా అని అడుగుతారు. గరాజ్‌లో కాసేపు ఆన్ చేసి ఆపితే సైలెన్సర్‌లోనూ, ఇంజన్ ఆయిల్‌లోనూ నీరు చేరుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం వేరే. బ్యాటరీకి మెయింటెయినర్ (చార్జ్ తగ్గకుండా చూసే చిన్న చార్జర్) తగిలించి వదిలేయడమే మేలు.

మనవైపు ఈ చలి లేదు కానీ, పిల్లలు విదేశాలకు వెళ్తే ఇంట్లో బండి నెలల తరబడి కదలదు. ఇప్పుడు అక్కడి పెట్రోల్‌లో ఇథనాల్ ఇరవై శాతం దాకా వచ్చింది, కోస్తాలో గాలిలో తేమకు లోటు లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాకముందు కొన్న బళ్లలో చాలావాటికి కార్బురేటరే. స్టెబిలైజర్ దొరక్కపోయినా, బండి మూల పెట్టేముందు కాక్ ఆఫ్ చేయించి బౌల్ ఖాళీ చేయించండి. మెకానిక్‌కు ఐదు నిమిషాల పని.

స్టా-బిల్ కొనేవాళ్లు చిన్న సీసానే తీసుకోండి. మూత తీశాక రెండేళ్లలోపు వాడమని రాసి ఉంటుంది. రెండు బళ్లకు ఏడాదికి మూడు ఔన్సులు కూడా పట్టవు, 32 ఔన్సుల సీసా ఎంత చవకైనా సగానికి పైగా పారబోయాల్సిందే. మూత తీసిన రోజే సీసా మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టుకోండి.