ఎత్తులో పనికి ఏ ట్రైనింగ్ మేలు? హైట్ పాస్, ఒక్కరోజు కార్డు, జీడబ్ల్యూఓ, ఇరాటా

ఐటీఐ అయిపోయిన కుర్రాళ్లు, పరంజా కట్టేవాళ్లు, టవర్లెక్కేవాళ్లు, గల్ఫ్‌కి ప్రయత్నిస్తున్నవాళ్లు అందరూ అడిగేది ఒకటే: హైట్ వర్క్ సర్టిఫికెట్లలో ఏది తీసుకోవాలి? ఇవాళ మనకు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. పనిచేసే కంపెనీ సైట్‌లోనే ఇచ్చే హైట్ పాస్ ఒకటి. ఒక్కరోజు క్లాసు చెప్పి కార్డు చేతిలో పెట్టే ఇన్‌స్టిట్యూట్లు ఇంకొకటి. గాలిమరల పనికి జీడబ్ల్యూఓ, తాళ్ల మీద వేలాడుతూ చేసే పనికి ఇరాటా ఉన్నాయి. వీటి ఫీజుల మధ్య తేడా వందల్లో కాదు, వేలల్లో ఉంటుంది. అప్పు చేసి మరీ చేరేవాళ్లున్నారు కాబట్టి ఈ లెక్క కాస్త జాగ్రత్తగా చూడాలి.

నేను వీటిని తూచేది ఒకే ప్రశ్నతో. పడిపోయి బెల్టుకు వేలాడుతున్న మనిషిని కిందికి దించడం మీ చేతులతో చేయించారా, లేదా? ఫీజు, హోదా, కార్డు రంగు అన్నీ దీని తర్వాతే.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలు, తొడలు అన్నీ పట్టి ఉంచే బెల్టు) వేసుకున్నవాడు పడితే బెల్టు పట్టుకుంటుంది, ప్రాణం దక్కుతుంది. కానీ కదలకుండా అలాగే వేలాడితే తొడల దగ్గరి పట్టీలు బిగుసుకుని, కాళ్లలోకి దిగిన రక్తం పైకి రాదు. నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. ఫైరింజన్‌కి ఫోన్ చేసి కూర్చునేంత టైముండదు. పక్కనున్నవాళ్లకే దించడం రావాలి. వేలాడేవాడికి కూడా, ఒక తాడు ముక్కను ఉచ్చులా వేసి అందులో కాలు పెట్టి నిలబడితే పట్టీల మీద బరువు తగ్గుతుందని తెలిసుండాలి. స్లైడులో చూస్తే ఇది రాదు. ఒకసారి వేలాడి చూసినవాడికి మాత్రం మర్చిపోదామన్నా మర్చిపోలేనంతగా వస్తుంది.

ఈ కొలతతో చూస్తే ఒక్కరోజు కార్డులు చాలావరకు తేలిపోతాయి. ఉదయం ప్రొజెక్టర్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టిక్కులు పెట్టే పరీక్ష, ఆ తర్వాత ఫొటో. నేల మీద నిలబడి హార్నెస్ తొడుక్కోవడం వరకే ప్రాక్టికల్. అన్నీ ఇలాగే ఉంటాయని అనను. టవరు కట్టి, మనిషి బరువున్న బొమ్మను వేలాడదీసి దింపించే చోట్లూ ఉన్నాయి. అందుకే డబ్బు కట్టేముందు ఒకసారి వెళ్లి చూడండి. లోపల ఎక్కడానికి స్ట్రక్చర్ లేకపోతే అక్కడ కట్టే డబ్బు కాగితానికే.

సైట్ హైట్ పాస్ సంగతి వేరు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువే గానీ, సరిగ్గా పెడితే కొత్తవాడికి దీనంత ఉపయోగపడేది లేదు. పవర్ ప్లాంట్లు, రిఫైనరీలు, పెద్ద కన్‌స్ట్రక్షన్ సైట్లలో ముందు డాక్టరు బీపీ, చూపు, కళ్లు తిరగడం, ఫిట్స్ ఉన్నాయా అన్నవి చూస్తాడు. తర్వాత హార్నెస్ వేయించి నిచ్చెన ఎక్కిస్తారు, కొద్ది ఎత్తులో పెట్టిన బీము మీద నడిపిస్తారు. పాసైతే హెల్మెట్‌కి స్టిక్కర్. రేపు పనిచేయబోయే చోటే, అదే హుక్కు, అదే పరంజా మీద నేర్పడం దీని బలం. తెలుగులో, అవసరమైతే ఒడియాలో, హిందీలో చెప్పే ఫోర్‌మన్ ఎదురుగా ఉంటాడు. పైసా ఖర్చుండదు.

దీని లోపాలూ చిన్నవి కావు. షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు) మొదలవగానే గేటు బయట మనుషులు గుంపుగా నిలబడతారు, ఒక్కపూటలో అందరికీ పాసులు ఇచ్చేయాలి. అప్పుడు బీము నడక కూడా తూతూమంత్రమవుతుంది. రెస్క్యూ ప్రాక్టీసు దాదాపు ఎక్కడా ఉండదు. గేటు దాటితే ఆ స్టిక్కర్‌కి విలువ లేదు, పక్క కంపెనీ మళ్లీ మొదటినుంచీ మొదలుపెడుతుంది.

హైట్ పాస్ క్లాసులో చెప్పితీరాల్సిన, కానీ ఎక్కువగా వదిలేసే లెక్క ఒకటుంది. బెల్టును హుక్కుకు కలిపే తాడే లాన్యార్డ్, పడినప్పుడు కుదుపు తగ్గించడానికి దానికుండే మడతల ప్యాకెట్టే ఎనర్జీ అబ్జార్బర్. రెండూ కలిపి పొడవు 2 మీటర్లనుకోండి. పడినప్పుడు అబ్జార్బర్ చిరిగి 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. వీపు దగ్గర లాన్యార్డ్ తగిలించే డీ రింగు నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు. కింద ఖాళీగా 1 మీటరు మిగలాలి. మొత్తం 6.25 మీటర్లు, అదీ హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి. మీరు 5 మీటర్ల ఎత్తు పలక మీద నిలబడి, హుక్కును కాళ్ల దగ్గరి పైపుకు తగిలించారంటే, బెల్టు ఆపేలోపే నేల తగలొచ్చు. అదే హుక్కును తలపైన, పలక నుంచి 2 మీటర్ల ఎత్తులో గట్టి చోట తగిలిస్తే 7 మీటర్లు దొరుకుతాయి. బెల్టు అదే, మనిషీ అదే, హుక్కు చోటే మారింది. ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించే సూపర్‌వైజర్ ఉన్న సైట్ దొరికితే అక్కడే కొన్నాళ్లు పనిచేయండి.

ఇక జీడబ్ల్యూఓ. గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ అంటే గాలిమరలు తయారుచేసే, నడిపే కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ. వాళ్ల బేసిక్ సేఫ్టీ ట్రైనింగ్‌లో వర్కింగ్ ఎట్ హైట్స్ ఒక భాగం, మామూలుగా 2 రోజులు. ఫస్ట్ ఎయిడ్, బరువులెత్తడం, మంటలార్పడం విడిగా ఉంటాయి. సముద్రంలో పనిచేసేవాళ్లకు సీ సర్వైవల్ అదనం. నిచ్చెన మధ్యలో కదల్లేకుండా చిక్కుకున్న తోటివాణ్ని దించడం, పైనుంచి ఎమర్జెన్సీ పరికరంతో దిగిపోవడం ఇందులో చేయించి తీరాలి. నా ప్రశ్నకు ఇది నిక్కచ్చిగా జవాబిస్తుంది. చెల్లుబాటు 24 నెలలు. మీ రికార్డు విండా అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఎక్కుతుంది, కంపెనీ అక్కడ చూసుకుంటుంది. అందులో లేకపోతే చేతిలోని కాగితానికి విలువ లేదు. అనంతపురం, కర్నూలు వైపు విండ్ ఫామ్‌లలో టెక్నీషియన్‌గా వెళ్లాలనుకుంటే ఇదే దారి, రెండో ఆలోచన అక్కర్లేదు. కానీ బిల్డింగ్ పనికో, టెలికాం టవర్ పనికో దీనికోసం డబ్బు పోయడం అనవసరం. ఇక్కడ నేర్పేదంతా గాలిమర లోపలి నిచ్చెన, దాని వెంబడి బెల్టు తగిలించుకునే పట్టా, పై గది చుట్టూ తిరుగుతుంది.

ఇరాటా అన్నిటికంటే ఖరీదైంది, అన్నిటికంటే కష్టమైంది కూడా. బ్రిటన్‌లో పుట్టిన ఈ సంస్థ రోప్ యాక్సెస్‌కి మూడు లెవెల్స్ పెట్టింది. లెవెల్ 1కి కనీసం 4 రోజుల శిక్షణ, తర్వాత ఒకరోజు పరీక్ష. ఆ పరీక్ష పెట్టేది మీకు నేర్పిన ట్రైనర్ కాదు, బయటినుంచి వచ్చే అసెసర్. నేర్పినవాడే మార్కులేసే పద్ధతికి, దీనికి చాలా తేడా ఉంది. అందరూ పాసవరు. చెల్లుబాటు 3 ఏళ్లు. లెవెల్ 2కి వెళ్లాలంటే కనీసం 12 నెలలు, 1000 గంటలు తాళ్ల మీద పనిచేసినట్టు లాగ్‌బుక్‌లో సంతకాలతో ఉండాలి. లెవెల్ 3కి మళ్లీ అంతే.

దీని ప్రాణమంతా రెండు తాళ్లలో ఉంది. ఒకటి పని తాడు, ఇంకొకటి భద్రత తాడు, రెండింటికీ వేర్వేరు యాంకర్లు (తాడు కట్టే గట్టి చోట్లు). ఏదో ఒకటి తెగినా మనిషి మిగలాలి. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాలు తుడిచేవాళ్లను కాస్త ఆగి చూడండి. కొందరికి రెండు తాళ్లు, తాళ్లు గోడ అంచున ఒరుసుకోకుండా కింద ప్యాడు కనిపిస్తాయి. కొందరు చెక్క పలక మీద కూర్చుని, ఒక్క తాడుతో దిగుతుంటారు. ఇద్దరూ తుడిచేది అద్దమే. ఆ రెండో మనిషిని అలా దింపిన కాంట్రాక్టర్ మీద నాకు కోపమొస్తుంది. రెండో తాడు పెద్ద ఖర్చేమీ కాదు.

అయినా ఇరవై ఏళ్ల కుర్రాడు మొదటి ఉద్యోగం కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టి లెవెల్ 1 చేయడం నాకు నచ్చదు. లెవెల్ 1 వాడు లెవెల్ 3 సూపర్‌వైజర్ కింద తప్ప పనిచేయకూడదు. అంటే ఆ పద్ధతి ప్రకారం నడిచే కంపెనీ దొరకాలి, లేదంటే లాగ్‌బుక్ ఖాళీగా ఉండిపోతుంది, మూడేళ్లూ గడిచిపోతాయి. పైగా ఇరాటాతో బతుకు సాగించేవాళ్లకు మామూలుగా ఇంకో పని చేతిలో ఉంటుంది: వెల్డింగ్, పెయింటింగ్, ఎన్‌డీటీ ఇన్‌స్పెక్షన్ (వస్తువును పాడుచేయకుండా లోపలి లోపాలు పట్టే పరీక్ష). తాడు వాళ్లను పని దగ్గరికి చేరుస్తుంది, జీతం వచ్చేది ఆ పనికి. చేతిలో విద్య ఉండి, కాకినాడ తీరంలోని ఆఫ్‌షోర్‌లోనో, గల్ఫ్ రిఫైనరీల్లోనో పనిచేయాలనుకునేవాడికి ఇరాటా ఖర్చు తిరిగొస్తుంది.

గల్ఫ్ మాటొచ్చింది కాబట్టి. జగిత్యాల వైపు తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, గీ కార్డు ఉంటే దుబాయ్‌ల పని దొరుకుతదా?" నేనన్నది ఇదే: "తమ్మీ, ఏ కంపెనీ, ఏం పని, వాళ్లు ఏ సర్టిఫికెట్ అడుగుతున్నరో ముందు ఏజెంట్‌తోని రాయించుకో. తర్వాతనే పైసలు కట్టు." పరంజా కట్టే పనికి వెళ్లేవాళ్లను చాలాచోట్ల బ్రిటన్ వారి సీఐఎస్‌ఆర్‌ఎస్ ఓవర్సీస్ స్కీమ్ కార్డు అడుగుతారు. అలాంటివాడికి ఇరాటా ఉన్నా ఒరిగేదేం లేదు. శ్రీకాకుళం నుంచి స్కాఫోల్డర్లుగా (పరంజా కట్టేవాళ్లు), రిగ్గర్లుగా (బరువులు కట్టి ఎత్తేవాళ్లు) వెళ్లేవాళ్లకూ ఇదే మాట.

ఈ నాలుగింటిలో దేనికీ అందనివాళ్లూ మనలో ఉన్నారు. తాటిచెట్లెక్కే గీత కార్మికులు తరతరాలుగా మోకునే నమ్ముకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్లకు సేఫ్టీ కిట్లు మొదలుపెట్టింది, వాడకంలో శిక్షణ కూడా ఇస్తోంది. కార్డు లేకపోయినా, చెట్టు దగ్గరే చేయించి నేర్పే ఆ పద్ధతిని నేను ఒక్కరోజు ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ కంటే పైన పెడతాను.

నా సలహా ఇదీ. కొత్తగా కన్‌స్ట్రక్షన్‌లోకి వచ్చేవాడు మంచి కంపెనీలో హైట్ పాస్‌తో మొదలుపెట్టి, రెస్క్యూ నేర్పమని సేఫ్టీ ఆఫీసర్‌ని అడగాలి. అడిగితే చిరాకు పడేవాళ్లున్నారు, అయినా అడగాలి. విండ్ అయితే జీడబ్ల్యూఓ. చేతిలో విద్య ఉండి, ఉద్యోగం కూడా కళ్లముందు కనిపిస్తుంటే ఇరాటా. ఒక్కరోజు కార్డు ఉద్యోగం ఇచ్చేవాడు ప్రత్యేకంగా అడిగితేనే, అదీ స్ట్రక్చర్ ఎక్కించే చోటే.

కంపెనీ పనికోసమే అయితే ఫీజు కంపెనీయే కట్టాలని గట్టిగా అడగండి. మీరు కట్టాల్సి వస్తే, గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. జీడబ్ల్యూఓకి గడువు దాటకముందే రిఫ్రెషర్ చేస్తే ఒక్కరోజుతో సరిపోతుంది. దాటితే మళ్లీ పూర్తి కోర్సు, పూర్తి ఫీజు.