లా విద్యార్థుల పాడ్‌కాస్ట్: రెండేళ్లు విన్నాక

నేను బెంగళూరులో ఒక సీనియర్ దగ్గర జూనియర్ అడ్వకేట్‌ని. పొద్దున కేఆర్ పురంలో మెట్రో ఎక్కి, సెంట్రల్ కాలేజ్ దగ్గర దిగి, సిటీ సివిల్ కోర్టుకు నడిచి వెళ్తాను. 2023 అక్టోబరులో ఈ మెట్రో లైన్‌లో మధ్యలో మిగిలిన ముక్క కలిసినప్పటి నుంచి ఈ ప్రయాణంలో లా విద్యార్థులు నడిపే ఒక పాడ్‌కాస్ట్ వింటున్నాను. ఒక ఎపిసోడ్ ముప్పావుగంట ఉంటుంది. సగం వెళ్లేటప్పుడు, సగం వచ్చేటప్పుడు. పాడ్‌కాస్ట్ పేరు రాయడం లేదు. నడిపే పిల్లలు ఏడాదికోసారి మారిపోతారు, పాత టీం చేసిన పొరపాట్లు ఇప్పటివాళ్ల మీద పడకూడదు.

మాది మదనపల్లె పక్కన ఊరు. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేశాను. పరీక్షకు గైడ్లు చదవడం తప్ప, చదువుకునే పిల్లలే చట్టం మీద వ్యాసాలు రాసి అచ్చు వేస్తారని నాకు తెలియదు. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ లాంటి చోట్ల జర్నల్స్‌ని విద్యార్థులే ఎడిట్ చేస్తారు. అమెరికాలో హార్వర్డ్ లా రివ్యూ 1887 నుంచీ విద్యార్థుల చేతుల్లోనే ఉంది. ఇదంతా ప్రాక్టీసులోకి వచ్చాకే తెలిసింది. ఆ వ్యాసాలు తెరిస్తే పేజీలో సగం ఫుట్‌నోట్లే. రెండు పేజీలు చదివేసరికి వాయిదా టైం అయిపోయేది.

పాడ్‌కాస్ట్‌లో అదే వ్యాసం రాసిన విద్యార్థిని కూర్చోబెడతారు. ఎదురుగా ఆ వ్యాసం చదివి వచ్చిన ఇంకో విద్యార్థి ఉంటారు. నాకు దీని విలువ తెలిసింది భారతీయ సాక్ష్య అధినియం మీద చేసిన ఎపిసోడ్‌తో. 2024 జులై 1న పాత 1872 సాక్ష్య చట్టం పోయి ఇది అమల్లోకి వచ్చింది. ఫోన్‌లోని మెసేజ్‌లు, రికార్డింగులు కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే ఇదివరకు 65బీ సర్టిఫికెట్, అంటే అవి ఏ పరికరం నుంచి ఎలా వచ్చాయో పాత చట్టం సెక్షన్ 65బీ కింద రాసిచ్చే పత్రం, కావాల్సి వచ్చేది. అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కొత్త చట్టంలో అది సెక్షన్ 63 అయింది, సర్టిఫికెట్ రెండు భాగాలైంది. పార్ట్ ఎ మనం నింపుతాం, పార్ట్ బి నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే గుర్తింపు కోడ్, కూడా రాయాలి.

ఆ నిపుణుడు ఎవరు? ఐటీ చట్టం సెక్షన్ 79ఏ కింద ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన ల్యాబులేనా, కంప్యూటర్ తెలిసిన ఎవరైనా సరిపోతారా? వ్యాసం రాసిన అబ్బాయి ఇదంతా చక్కగా విడమరిచాడు. అప్పుడు ఎదురుగా ఉన్న అమ్మాయి అడిగింది: "చిన్న ఊళ్లో అద్దె బాకీ కోసం కేసు వేసినాయన ఈ పార్ట్ బి ఎక్కడ తెచ్చుకుంటాడు?" అబ్బాయి ఆగిపోయాడు. మూడు నాలుగు సెకన్లు ఏ చప్పుడూ లేదు. తర్వాత, "నా పేపర్‌లో దీనికి జవాబు లేదు" అన్నాడు. ఆ మౌనాన్ని వాళ్లు ఎడిటింగ్‌లో తీసేయలేదు. నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది కూడా చూసుకోలేదు, మెజెస్టిక్‌లో దిగి వెనక్కి వచ్చాను.

ఎందుకంటే అదే వారం మా ఆఫీసుకు అలాంటి మనిషే వచ్చారు. మారతహళ్లిలో టిఫిన్ సెంటర్ నడుపుతారు, చిత్తూరు వైపు మనిషి. చేబదులు ఇచ్చిన డబ్బుకు చెక్కు తీసుకుంటే అది బౌన్స్ అయింది. అప్పు తీసుకున్నానని అవతలాయన ఒప్పుకున్నది వాట్సాప్‌లోనే. సర్టిఫికెట్ సంగతి చెబితే, "నా ఫోన్లో ఉన్న మెసేజ్ నాదే అని ఇంకెవరో సంతకం పెట్టాలా అమ్మా?" అన్నారు. ఆ ఎపిసోడ్ విని ఉండకపోతే పార్ట్ బి విషయం నేను చివరి నిమిషంలో చూసి టెన్షన్ పడేదాన్ని. ముందే తెలుసు కాబట్టి ఫోన్ మార్చొద్దని, చాట్ డిలీట్ చేయొద్దని ఆ రోజే చెప్పగలిగాను.

ఇక దెబ్బ తిన్న సంగతి. ఐపీసీ నుంచి భారతీయ న్యాయ సంహితకు మారినప్పుడు చేసిన ఒక ఎపిసోడ్‌లో 420 మోసం ఇప్పుడు 316 అన్నారు. మోసం 318, అందులో పాత 420కి సరిపోయేది 318(4). 316 నమ్మకద్రోహం. నేను సరిచూసుకోకుండా సీనియర్‌కి ఇచ్చే నోట్‌లో రాసేశాను. సీనియర్ ఎర్ర పెన్నుతో చుట్టి, ఏమీ అనకుండా కాగితం వెనక్కి ఇచ్చారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. మూడు వారాల తర్వాత ఎపిసోడ్ కింద చిన్న అక్షరాల్లో సవరణ పెట్టారు. మెట్రోలో నిలబడి వినేవాళ్లు అది ఎలా చూస్తారు? చెవితో విన్న తప్పును చెవికే సరిదిద్దాలి. ఇదే రాసి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

ఎస్సీ వర్గీకరణ ఎపిసోడ్ మాత్రం నాలుగు సార్లు విన్నాను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జిల ధర్మాసనం 6-1 మెజారిటీతో వర్గీకరణ చెల్లుతుందని చెప్పి, అది చెల్లదన్న 2004 నాటి చిన్నయ్య తీర్పును పక్కన పెట్టింది. ఆ చిన్నయ్య కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. 2000లో తెచ్చిన చట్టం 15 శాతం రిజర్వేషన్‌ను ఎ, బి, సి, డి గ్రూపులకు 1, 7, 6, 1గా పంచింది. ఎస్సీ జాబితాను రాష్ట్రపతి ప్రకటిస్తారని చెప్పే రాజ్యాంగం ఆర్టికల్ 341 మీద, ఆ ఎపిసోడ్‌లో వ్యాసం రాసిన విద్యార్థిని చేసిన వాదన నాకు బాగా నచ్చింది. కానీ ముప్పావుగంటలో దండోరా అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. వర్గీకరణ కోసం 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఆ మాదిగ దండోరా ఉద్యమం లేకుండా ఆ చట్టం ఎక్కడిది? కేసు కోర్టు మెట్లెక్కిన రోజు నుంచే కథ మొదలవుతుందని ఈ పిల్లలు అనుకుంటున్నారు. వాళ్ల చదువులో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. తెలుగు వచ్చిన ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకున్నా ఆ ఎపిసోడ్ వేరేలా ఉండేది.

మిగతావి చిన్నవి. పరీక్షల నెలల్లో ఎపిసోడ్లు రావు. హాస్టల్ గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. కొందరు పేపర్‌ను చూసి చదివేస్తారు, అలాంటివి పది నిమిషాల్లో ఆపేస్తాను. ఇంగ్లిష్ వేగంగా ఉంటుంది. మొదట్లో 0.8 స్పీడ్‌లో వినేదాన్ని, ఇప్పుడు మామూలుగానే అర్థమవుతోంది.

మా చెల్లి ఈ ఏడాది ఎల్‌ఎల్‌బీలో చేరింది. దానికి పంపిన మొదటి లింక్ సెక్షన్ 63 ఎపిసోడ్. వినేటప్పుడు బేర్ యాక్ట్, అంటే చట్టం అసలు పాఠం ఉన్న పుస్తకం, తెరిచి పక్కన పెట్టుకోమన్నాను, వాళ్లు ఏ నంబర్ చెప్పినా అందులో చూశాకే నోట్స్‌లో రాసుకోమన్నాను. నిన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, ఆ పార్ట్ బి మదనపల్లెలో ఎవరు ఇస్తారు?" అని అడిగింది.