పేజీ తిప్పనిచ్చే మ్యూజియంలు: మహిళల బుక్ ఆర్ట్ ఆన్‌లైన్ ప్రదర్శనలపై సమీక్ష

మ్యూజియంలో పుస్తకం చూడటమంటే నిజానికి రెండు పేజీలు చూడటమే. గాజుపెట్టెలో ఎక్కడో ఒకచోట తెరిచి పెడతారు, మిగతాదంతా మూసే ఉంటుంది. వెలుతురు ఎక్కువైతే కాగితం, రంగులు దెబ్బతింటాయి కాబట్టి ఆ రెండు పేజీలైనా కొన్నాళ్ళే. మహిళా కళాకారుల పుస్తకాల మీద మ్యూజియంలూ లైబ్రరీలూ పెట్టిన ఆన్‌లైన్ ప్రదర్శనలు కొన్నేళ్ళుగా వదలకుండా చూస్తున్నాను. పెయింటింగ్ గురించి ఎవరైనా "నేరుగా చూడటమే వేరు" అంటే సరేనంటాను. పుస్తకాల విషయంలో మాత్రం ఒప్పుకోను. ఇక్కడ గాజుపెట్టె కన్నా స్క్రీనే చాలాసార్లు ఎక్కువ చూపిస్తుంది.

ఈ దారిలో మొదటి మజిలీ వాషింగ్టన్ డీసీలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ వుమెన్ ఇన్ ది ఆర్ట్స్. విల్హెల్మీనా హాలడే, ఆమె భర్త వాలెస్ కలిసి పోగుచేసిన కళాఖండాలే దానికి పునాది. 1981లో సంస్థగా ఏర్పడి, 1987లో ఇప్పుడున్న భవనంలో తలుపులు తెరిచింది. ఆ భవనం అంతకుముందు ఫ్రీమేసన్ల టెంపుల్, అంటే ఆడవాళ్ళకు సభ్యత్వమే లేని సంఘానిది. ఈ సంగతి తెలిశాక ఆ మ్యూజియం మీద నా ఇష్టం ఇంకాస్త పెరిగింది. వాళ్ళ దగ్గర వెయ్యికి పైగా ఆర్టిస్ట్స్ బుక్స్ ఉన్నాయి. ఆర్టిస్ట్స్ బుక్ అంటే కళ గురించి రాసిన పుస్తకం కాదు, పుస్తకమే కళాఖండం. కాగితం, కుట్టు, మడత, అట్ట అన్నీ అందులో భాగమే. మరమ్మతుల కోసం 2021 ఆగస్టు నుంచి 2023 అక్టోబరు దాకా భవనం మూసేసినప్పుడు, బయటి జనానికి మిగిలిన ద్వారం వెబ్‌సైటే.

మహిళా కళాకారులనూ పుస్తకాలనూ కలిపి చూడటానికి గట్టి కారణమే ఉంది. చిత్రకళ నేర్పే, కళాకారులకు గుర్తింపునిచ్చే యూరప్ అకాడమీల్లో శతాబ్దాలపాటు ఆడవాళ్ళకు చోటు లేదు, ఉన్నా పేరుకే. లండన్ రాయల్ అకాడమీని 1768లో స్థాపించిన వాళ్ళలో ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ ఉన్నారు. ఆ తర్వాత మరో మహిళకు పూర్తి సభ్యత్వం రావడానికి 1936 దాకా పట్టింది. ఆమె లారా నైట్. పారిస్‌లోని పేరున్న కళా పాఠశాల ఎకోల్ దే బోజార్ 1897లో గానీ ఆడపిల్లలను చేర్చుకోలేదు. నగ్న మోడల్‌ను చూసి గీసే తరగతులకు రానివ్వకపోతే పెద్ద పెద్ద చారిత్రక చిత్రాలు వేసే వీలు ఎక్కడిది? బల్ల మీద చేసుకోగలిగిన పని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. మొక్కల బొమ్మలు, పురుగుల బొమ్మలు, చేతిరాత, ఆల్బమ్‌లు. గోడల మీద వెతికితే పది మంది కూడా కనబడని కాలాల్లో లైబ్రరీ అరల్లో వెతికితే ఎంతోమంది దొరుకుతారు. మంచి ఆన్‌లైన్ ప్రదర్శన చేసే పెద్ద మేలు, ఆ అరలను తెరిచి పెట్టడం.

పురుగుల, మొక్కల బొమ్మలు గీసిన చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్‌నే తీసుకోండి. 1699లో, 52 ఏళ్ళ వయసులో, కూతురు డొరొతేయాను వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడెక్కింది. పురుగులు రూపం మార్చుకోవడం కళ్ళారా చూసి గీయడమే పని. 1701లో తిరిగొచ్చి, 1705లో 60 చిత్రాలతో పుస్తకం వేసింది. ఆమె చనిపోయాక 1719లో వచ్చిన కూర్పులో మరో 12 చిత్రాలు చేరాయి. ఆ 1719 కూర్పులోని చిత్రాలు వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్నాయి. బ్రిటన్ రాజకుటుంబపు కళా సేకరణ అయిన రాయల్ కలెక్షన్ సైట్‌లో తోలుకాగితం మీద రంగులద్దిన ప్రతులు చూడొచ్చు.

వాటిలో 18వ చిత్రం మీద నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక జామకొమ్మ. దాని మీద సాలీళ్ళూ చీమలూ. దూరం నుంచి ఎవరో ఓపిగ్గా గీసిన పురుగుల బొమ్మలా ఉంటుంది. జూమ్ చేస్తే కథ మారిపోతుంది. కొమ్మకు కింది వైపున టరాంటులా సాలీడు ఒక హమ్మింగ్‌బర్డ్‌ను వెల్లకిలా పడేసి తింటోంది, పక్కనే ఆ పక్షి గూడు, గూట్లో గుడ్లు. ఇంకోచోట చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని ఒళ్ళతోనే వంతెన కట్టాయి. ఆకులకు ఎక్కడెక్కడ చిల్లులు పడ్డాయో అవి కూడా వదల్లేదు. పక్షిని తినే సాలీడేంటని తర్వాతి కాలంలో కొందరు కొట్టిపారేశారు. 1863లో ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవిలో తను చూసింది రాశాక గానీ ఆమె మాటకు విలువ దక్కలేదు. ఈ ఒక్క బొమ్మ కోసమైనా పెద్ద స్క్రీన్ ముందు కూర్చోవచ్చు. గాజుపెట్టె మీద వంగి చూస్తే ఆ గుడ్లు కనబడవు.

ఇక ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్. ఫొటోలతో తయారైన మొట్టమొదటి పుస్తకం ఆమెదే. బ్రిటన్ సముద్రపు నాచు మీద 1843 నుంచి 1853 దాకా భాగాలుగా చేసి, తెలిసినవాళ్ళకు పంచింది. పద్ధతి పేరు సయనోటైప్, 1842లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నాచు పరిచి ఎండలో పెట్టి, నీళ్ళతో కడిగేస్తే చాలు. ఎండ తగిలిన చోటు నీలమవుతుంది, నాచు కప్పిన చోటు తెల్లగా మిగులుతుంది. కెమెరా లేదు. ఇలాంటి పేజీలు దాదాపు 400. పరిచయ వ్యాసం కింద "ఎ.ఎ." అని రెండక్షరాలే పెట్టుకోవడంతో, తర్వాత చాలాకాలం ఆ పుస్తకం ఎవరిదో జనం మర్చిపోయారు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ కలెక్షన్స్‌లో ఉన్నది ఆమె స్వయంగా హెర్షెల్‌కు ఇచ్చిన ప్రతి. పూర్తిగా, ఉచితంగా, పెద్ద సైజులో పెట్టారు. నాచు వెంట్రుకంత సన్నని పోగుల దగ్గర నీలం ఎలా పలచబడిందో, ఎక్కడ నాచు కాగితానికి ఆనకుండా లేచి అంచు మసకబారిందో తెలిసిపోతుంది. కింద ఆమె చేతిరాతలో లాటిన్ పేరు కూడా తెల్లగా పడి ఉంటుంది, ఆ రాత కూడా ఎండతో అచ్చయిందే. ప్రతి పేజీ విడివిడిగా చేసింది కాబట్టి ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం 2017లో సంపాదించిన ప్రతి కూడా ఆన్‌లైన్‌లో ఉంది. ఒక ట్యాబ్‌లో అది, మరో ట్యాబ్‌లో ఇది పెట్టుకుని పోల్చడం నాకు అలవాటైపోయింది. సముద్రానికి అటొకటి ఇటొకటి ఉన్న పుస్తకాలను ఏ గదిలో పక్కపక్కన పెట్టి చూడగలం?

చిత్రకారిణి సోనియా డెలోనే 1913లో కవి బ్లేజ్ సాంద్రార్‌తో కలిసి చేసిన మడతల పుస్తకానికి ఫోన్ భలే కుదిరింది. విప్పితే రెండు మీటర్ల పొడవు. ఒకవైపు రైలు ప్రయాణం మీద కవిత, పక్కనే పైనుంచి కిందికి జారే రంగులు. 150 ప్రతులు వేసి ఒకదాని కింద ఒకటి పెడితే ఈఫిల్ టవర్ ఎత్తు వచ్చేలా అనుకున్నారట. వేలితో స్క్రోల్ చేస్తూ పోతుంటే కవిత, రంగు ఒకే వేగంతో కదులుతాయి.

స్క్రీన్ ఘోరంగా ఓడిపోయేది కొలత దగ్గర. ఎస్తర్ ఇంగ్లిస్ (1571–1624) ఎడిన్‌బరోలో ఉంటూ చేత్తో రాసిన పుస్తకాల్లో కొన్ని అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నవి. కలం పట్టుకున్న తన బొమ్మ కూడా గీసుకుంది. అంత చిన్న పేజీలో అంత సన్నని అక్షరం నిలబెట్టడమే ఆమె గొప్పతనం. అది స్క్రీన్ నిండా పరుచుకునేసరికి మామూలు పేజీలా కనబడుతుంది. పక్కన ఒక స్కేలో, ఒక చెయ్యో పెట్టిన ఫొటో ఒక్కటి ఉంటే చాలు. చాలా ప్రదర్శనలు ఆ ఒక్కటే పెట్టవు. సైజు సెంటీమీటర్లలో ఎక్కడో కింద రాస్తారు, ఎవరూ చదవరు.

ఇప్పటి పుస్తకాలతో ఇంకో చిక్కు. అమెరికన్ కళాకారిణి జూలీ చెన్ చేసేవి విప్పుకునేవి, తిప్పుకునేవి, పెట్టెలా తెరుచుకునేవి. మరో అమెరికన్ కళాకారిణి కారా వాకర్ 1997లో చేసిన పాప్-అప్ పుస్తకంలో పేజీ తెరవగానే నల్ల నీడబొమ్మలు లేచి నిలబడతాయి. వీటికి ఫొటో చాలదు, చేతులు తిప్పి చూపించే వీడియో కావాలి. ఒక్క నిమిషం వీడియో ఉన్న చోట నాకు పుస్తకం అర్థమైంది, పది ఫొటోలున్న చోట కాలేదు.

నాకు నిజంగా బాధ కలిగించింది మాత్రం వేరే. ఒక మ్యూజియం పెట్టిన మంచి ప్రదర్శన, నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది, సైట్ కొత్తగా మార్చాక మాయమైంది. బొమ్మలు కేటలాగ్‌లో అక్కడక్కడా ఉన్నాయి. ప్రదర్శనను రూపొందించిన క్యూరేటర్ వాటిని ఏ వరసలో పేర్చిందో, ఏ పేజీ పక్కన ఏది ఎందుకు పెట్టిందో ఆ ఆలోచనంతా పోయింది. అప్పటినుంచి నచ్చిన ప్రదర్శన కనబడితే వ్యాఖ్యలతో సహా పేజీని పీడీఎఫ్‌గా దాచుకుంటున్నాను, మీరూ దాచుకోండి.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళు అట్కిన్స్‌తో మొదలుపెట్టండి. ఇంగ్లీషు వివరణలు చదవకపోయినా నష్టం లేదు, బొమ్మలే చెబుతాయి. ఆ తర్వాత మేరియన్. వీటికి ఫోన్ వద్దు, లాప్‌టాప్ గానీ టాబ్లెట్ గానీ తీసుకోండి. థంబ్‌నెయిల్స్ చూసి ఏరుకోకుండా అట్ట నుంచి వరసగా తిప్పండి, ఖాళీ పేజీలు కూడా.