కిల్‌హోమన్ లాక్ గార్మ్: మూడో సీసా అడుగుకొచ్చాక

ఈ విస్కీ మొదటి సీసా తెరిచిన రోజే రివ్యూ రాసి ఉంటే పదికి ఐదు మార్కులేసి ఊరుకునేవాణ్ని. రంగు చూస్తే తోమిన రాగిలా ఊరిస్తోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం పచ్చి స్పిరిట్ ఘాటు, దాని వెనక తడిసిన బూడిద, ఎక్కడో మూల ఎండు ద్రాక్ష. మూడూ మూడు దారులు. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు గడిచాయి, ఇప్పుడు మూడో సీసా అయిపోవస్తోంది, నా అభిప్రాయం చాలావరకు మారింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కిల్‌హోమన్ స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో పొలాల మధ్య ఉన్న డిస్టిలరీ, అంటే విస్కీ తయారయ్యే చోటు, 2005లో మొదలైంది. లాక్ గార్మ్ దాని దగ్గరున్న సరస్సు పేరు. ఆ పేరుతో 2013 నుంచి ఏటా ఒక విడుదల వస్తోంది, ఒలొరోసో షెర్రీ (స్పెయిన్‌లో చేసే ఒక రకం ఘాటైన వైన్) పీపాల్లో పెరిగిన సరుకు, ఆల్కహాల్ 46 శాతం, రంగు కలపరు, చల్లబరిచి వడకట్టే చిల్ ఫిల్టర్ చేయరు. డిస్టిలరీ వయసే అంత కాబట్టి మొదటి విడుదలలో ఎనిమిదేళ్ళు దాటింది ఉండే వీలే లేదు. స్కాచ్ అనిపించుకోవడానికి చట్టం అడిగేది మూడేళ్ళేననుకోండి, కానీ షెర్రీ పీపా అనగానే చాలామందికి మనసులో మెదిలేది పదిహేను, పద్దెనిమిదేళ్ళ మెత్తని విస్కీ. నేనూ ఆ లెక్కతోనే మూత తీశాను, అదే పొరపాటు.

కుర్ర విస్కీకి షెర్రీ పీపా రంగు త్వరగానే పట్టిస్తుంది, తీపీ ఇస్తుంది, స్పిరిట్‌లో ఉండే ఆ పచ్చిదనం పోవడానికి మాత్రం ఏళ్ళు పట్టాల్సిందే. పైగా ఇప్పటి పీపాలు ఒకప్పటివి కావు. అప్పట్లో షెర్రీ పీపాల్లోనే బ్రిటన్‌కు వచ్చేది, ఖాళీ అయినవాటిని డిస్టిలరీలు కొనేవి. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నిబంధన వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా విస్కీ కోసమే కొత్త పీపాలు చేయించి, ఏడాదో రెండేళ్ళో షెర్రీతో నానబెట్టి పంపుతున్నారు.

మరి ఇది ఎందుకు నచ్చిందంటే, పొగ వల్ల. దీనికి వాడే మాల్ట్‌ను, అంటే మొలకెత్తించిన బార్లీని, పీట్ అనే మండే మట్టి పొగలో ఆరబెడతారు. ఆ మాల్ట్‌లో పొగ పదార్థాలు 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు), అంటే గట్టి పొగే. ఏళ్ళు గడిచేకొద్దీ విస్కీలో పొగ మెత్తబడిపోతుంది, కాబట్టి కుర్రతనం ఇక్కడ కొంత కలిసొచ్చింది. పొగ లేని కుర్ర షెర్రీ సీసాలు రెండు మూడు తాగాను, పచ్చి స్పిరిట్ మీద జామ్ పూసినట్టుంటాయి. ఇందులో ఆ పచ్చిదనం పొగలో కలిసిపోయి మిరియం ఘాటులా అనిపిస్తుంది.

కానీ ఓపిక కావాలి. నా మూడు సీసాలూ మొదటి వారం మొండికేశాయి. మూడు నాలుగు పెగ్గులు తీసి మూత పెట్టి మూడు వారాలు వదిలేస్తే అప్పుడు దారికొస్తాయి. గ్లాసులో పోశాక కూడా ఇరవై నిమిషాలు ఆగాల్సిందే. మొదట అగ్గి ఆర్పిన వాసన, కాసేపటికి ఖర్జూరం, లవంగం, ఇంకాసేపటికి నారింజ తొక్క. నోట్లో ముందు కాలిన పంచదార, వెంటనే శొంఠి మంట, గొంతు దిగాక చేదు చాక్లెట్టూ బూడిదా చాలాసేపు ఉంటాయి. ఖాళీ గ్లాసు అలాగే వదిలేసి పొద్దున వాసన చూడండి, నాకు సగం సరదా అక్కడే.

నీళ్ళ సంగతికొస్తే, ఒక పెగ్గుకు అర టీస్పూన్ చాలు. అంతకు మించితే పొగ పైకి లేచి ద్రాక్ష వెనక్కి పోతోంది. ఇది నా భ్రమేమో అనుకున్నా, తీరా 2017లో స్వీడన్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కంప్యూటర్ మోడల్‌తో చూపింది దీనికి దగ్గరగానే ఉంది: పొగ వాసనిచ్చే గ్వయకాల్ అణువులు ఆల్కహాల్ 45 శాతం వరకు ఉంటే పైపొరకు చేరతాయట, 59 దాటితే ఆల్కహాల్ మధ్యలో దాక్కుంటాయట. ఐస్ మాత్రం వద్దు, వాసనంతా ముడుచుకుపోతుంది.

నచ్చనిది? ఏ రెండు విడుదలలూ ఒక్కలా లేవు. నా రెండో సీసాలో పొగదే పెత్తనం, షెర్రీ కోసం వెతుక్కున్నాను. మూడోది సరిగ్గా కుదిరింది. అయినా గంధకం సమస్య మూడింట్లోనూ రాలేదు, అది పెద్ద ఊరట. వైన్ పీపాలు చెడిపోకుండా లోపల గంధకం వెలిగిస్తారు, అది మిగిలితే విస్కీలోకి దిగుతుంది. వేరే డిస్టిలరీ షెర్రీ సీసా ఒకటి, పేరెందుకులెండి, మూత తీస్తే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన, మూడు నెలలు గాలి తగిలినా పోలేదు. మా ఫ్రెండ్‌కు అదేమీ తెలియలేదు, హాయిగా తాగేశాడు. కొందరి ముక్కుకు ఆ వాసన పెద్దగా ఆనదు, అదృష్టవంతులు.

నిల్వ విషయంలో ఒక దెబ్బ తిన్నాను. మొదటి సీసాలో చివరి రెండు పెగ్గులు దాచుకుందామని ఐదు నెలలు అలాగే ఉంచితే చప్పబడిపోయాయి, లవంగం లేదు, పొగ లేదు, తీపి నీళ్ళు. అందుకే ఈసారి మూడో సీసాలో నాలుగు పెగ్గులు ఉండగానే గాలికి చోటు లేకుండా చిన్న సీసాలోకి అంచుదాకా పోసి, బీరువాలో చీకట్లో నిలబెట్టాను. ఇంకా తెరవలేదు.