యూనిటీ ప్రాజెక్టుకు గిట్: కోడ్‌కు భేష్, సీన్ ఫైళ్లతో తిప్పలు

గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో గేమ్ చేసే విద్యార్థి టీమ్‌లకు ముందుగా తట్టేది ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్, ఆ ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఉంచి పంచుకునే గిట్‌హబ్ జంటే. ఉచితం, నేర్చుకోవడానికి పాఠాలకు కొదవ లేదు. సీ షార్ప్ కోడ్ వరకు వంక పెట్టడానికేమీ లేదు. ఒకే ఫైల్‌లో ఇద్దరు వేర్వేరు ఫంక్షన్లు మార్చినా సాధారణంగా మెర్జ్ (ఇద్దరి మార్పులను కలపడం) సాఫీగా అయిపోతుంది. పేచీ అంతా కోడ్ కానివాటితోనే.

అసెట్స్ ఫోల్డర్‌లో ప్రతి ఫైల్ పక్కన యూనిటీ ఒక మెటా ఫైల్ పెడుతుంది. ఆ అసెట్ గుర్తింపు సంఖ్య ఉండేది అందులోనే. ఎవరైనా కొత్త మెటీరియల్‌ను కమిట్ చేసి (గిట్‌లో నమోదు చేసి) మెటాను వదిలేస్తే, మిగతావాళ్ల మెషీన్లలో యూనిటీ వేరే సంఖ్య పుట్టిస్తుంది. లింకు తెగి, సీన్‌లో వస్తువులు ముదురు గులాబీ రంగులోకి మారిపోతాయి. యూనిటీ తనంతట తానే మళ్లీ తయారుచేసుకునే లైబ్రరీ ఫోల్డర్ మాత్రం రిపోలోకి (గిట్‌లో ప్రాజెక్టు నిల్వ) రానే కూడదు. ఏ ఫైళ్లను వదిలేయాలో గిట్‌కు చెప్పే, గిట్‌హబ్ ఇచ్చే యూనిటీ గిట్‌ఇగ్నోర్ ఫైల్ యూనిటీ ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లోనే ఉండాలి. ప్రాజెక్టు సబ్‌ఫోల్డర్‌లో ఉండి, గిట్‌ఇగ్నోర్ మాత్రం రిపో మొదటి ఫోల్డర్‌లో ఉంటే లైబ్రరీ అంతా లోపలికి వచ్చేస్తుంది.

అసలు తలనొప్పి సీన్ ఫైల్, అంటే గేమ్‌లో ఒక భాగపు వస్తువులూ వాటి అమరికా ఉండే ఫైల్. టెక్స్ట్ రూపంలో సేవ్ అయినా మనిషి చదివి సరిచేసేలా ఉండదు. ఒకరు లైటింగ్, ఇంకొకరు మెనూ బటన్లు ఒకే సీన్‌లో మార్చారంటే కాన్‌ఫ్లిక్ట్ (గిట్ తానే కలపలేని మార్పుల గొడవ) రావచ్చు. చివరికి ఎవరో ఒకరి పని పోతుంది, పోయినవాళ్లకు ఆ సంగతి రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. యూనిటీతో పాటే వచ్చే, సీన్ ఫైళ్లను కలిపే స్మార్ట్ మెర్జ్ కొంత ఆదుకుంటుంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం. సీన్‌నే విడగొట్టాలి: లెవెల్ ఒక సీన్, మెనూలు ఇంకో సీన్, రెండింటినీ అడిటివ్‌గా (ఒకదానికి ఇంకోటి చేర్చి) లోడ్ చేయాలి. శత్రువులు, తలుపులు, ఆయుధాలు ప్రీఫ్యాబ్‌లుగా (విడి ఫైల్‌లో దాచి మళ్లీ మళ్లీ వాడుకునే వస్తువులుగా) ఉంటే ఎవరి ఫైల్ వారిది. ఎవరు ఏ సీన్ ముట్టుకోవాలో టీమ్ ముందే తేల్చుకోకపోతే ఏ టూలూ కాపాడలేదు.

గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. కాబట్టి పీఎస్‌డీ (బొమ్మలు), ఎఫ్‌బీఎక్స్ (3డీ మోడళ్లు), వేవ్ (ధ్వని) ఫైళ్లకు, పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పెట్టాలి, అదీ మొదటి కమిట్‌కు ముందే. తర్వాత పెడితే పాత హిస్టరీలోని పెద్ద ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. మైగ్రేట్ కమాండ్‌తో హిస్టరీని తిరగరాస్తే అందరూ రిపోను మళ్లీ క్లోన్ చేసుకోవాల్సి (మొత్తం కాపీ దించుకోవాల్సి) వస్తుంది. ఒకరు పనిచేస్తుండగా ఇంకొకరు మార్చకుండా ఆపే లాక్ సదుపాయం ఎల్‌ఎఫ్‌ఎస్‌లో బాగుంది. లాకబుల్ అని గుర్తు పెట్టిన ఫైల్ లాక్ వేసేదాకా రీడ్ ఓన్లీగా ఉంటుంది. అయితే లాక్‌కు ముందు పుల్ చేయకపోతే (తాజా మార్పులు దించుకోకపోతే) పాత కాపీ మీద పని చేసినట్టే.

ప్రోగ్రామర్లు ఎక్కువున్న నలుగురైదుగురి టీమ్‌కు గిట్ నిస్సందేహంగా చాలు. ఆర్టిస్టులే ఎక్కువుంటే, కమాండ్ లైన్ అంటే బెదిరిపోతుంటే, యూనిటీ వెర్షన్ కంట్రోల్ చూడండి. 2020లో యూనిటీ కొన్న ప్లాస్టిక్ ఎస్‌సీఎమ్ ఇదే. ఆర్టిస్టుల కోసం గ్లూఆన్ అనే తేలికపాటి స్క్రీన్ విడిగా ఉంది, లాక్‌లూ అందులోనే వేసుకోవచ్చు.