విశాఖలో మట్టి సామాను వేట: రెండు రాత్రులు, ఒక కూజా, ఒక గిన్నె

రాజమండ్రిలో మా హాల్లో గోడకి మూడు అరలు కట్టించి ఆర్నెల్లయింది. కరెంటు బిల్లులు, ఛార్జర్లు తప్ప వాటి మీదకి ఏమీ చేరలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఫ్లవర్ వాజు చూస్తే అచ్చం అలాంటిదే పక్కింట్లోనూ ఉంది. చేత్తో చేసినవే కొనాలి, అవీ పట్టుకుని చూసి కొనాలి అనుకుని వదినా నేనూ రత్నాచల్ రైలు ఎక్కేశాం.

మొదటి రాత్రి లాసన్స్ బే కాలనీలో ఒక హోమ్‌స్టే. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. అట్టపెట్టెలు మోయాల్సిన వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. కానీ అక్కడి ఆంటీ రిటైర్డ్ టీచరు. పొద్దున్నే కాఫీ ఇచ్చిన కప్పులు చేత్తో చేసినవే, రెండిటికీ పిడులు వేరువేరుగా ఉన్నాయి. గోడకి పింగాణీ ప్లేట్లు తగిలించి ఉంటే కొక్కేలు ఎక్కడివని అడిగాను. "ఇనప తీగ పెట్టకమ్మా, ఈ సముద్రం గాలికి తుప్పు పట్టి గోడంతా చారలు దిగుతాయి. ఇత్తడివో స్టీలువో కొనుక్కో" అంది.

విశాఖలో దిగిన రోజే మధురవాడ వెళ్ళాం. శిల్పారామంలో ఎర్రమట్టి గంటలు రెండు తీసుకుని త్వరగానే బయటపడ్డాం. అసలు సరుకు రోడ్డు పక్కన దొరికింది. ఒక పెద్దాయన కూజాని వేలి కణుపుతో కొట్టి "ఇనండమ్మా" అన్నాడు. ఖంగుమంది. పక్కనే ఉన్న ఇంకోటి కొడితే బొంగురుగా పలికింది. "దీనికి బీట ఉంది, కంటికి అవుపడదు" అని తనే పక్కన పెట్టేశాడు. కూజా నూట ఎనభై. వరిగడ్డి చుట్టి, గోనెసంచిలో దింపి, పైన మళ్ళీ గడ్డి కుక్కి ఇచ్చాడు. ఆ ట్రిప్పు మొత్తంలో అంత బాగా ప్యాకింగ్ చేసింది ఆయనొక్కడే.

అక్కడినుంచి ఆటోలో తొట్లకొండ. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన బౌద్ధారామం ఇది. వాన నీళ్ళకోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరొచ్చింది. సాయంత్రం గాలికి కొండ మీద కూర్చోవడం మాత్రం ఖర్చు లేని సుఖం.

రాత్రి రూముకొచ్చి, ముచ్చటపడి కూజాలో నీళ్ళు పోసి లిల్లీపూలు పెట్టి టేకు బల్ల మీద ఉంచాను. తెల్లారేసరికి బల్ల మీద గుండ్రటి తెల్లమచ్చ. కొండ మీద రాతి తొట్లు కారలేదు, నా కూజా కారింది! గ్లేజు (గాజులాంటి పూత) వేయని ఎర్రమట్టి ఊరుతుందని చిన్నప్పటినుంచి చూస్తున్నదే, నీళ్ళు చల్లబడేదే అందుకు. వాజు అనగానే ఆ సంగతి మర్చిపోయాను. డబ్బులిస్తానంటే ఆంటీ తీసుకోలేదు. "లోపల గాజు గ్లాసు పెట్టి అందులో పొయ్యమ్మా నీళ్ళు" అంది.

రెండో రోజు సిరిపురం వైపు ఒక చిన్న స్టూడియో. కప్పు ఆరువందలు, గిన్నె పదకొండు వందలు. రేటు విని వదిన నా వైపు చూసింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి మాత్రం విసుక్కోకుండా ప్రతిదీ తిరగేసి చూడనిచ్చింది. అడుగున గ్లేజు ఎందుకు లేదో చెప్పింది: కొలిమిలో 1200 డిగ్రీలు దాటాక గ్లేజు కరిగి గాజులా అవుతుంది, అడుగుకీ పూస్తే పలకకి అతుక్కుపోతుంది. అందుకే అక్కడ మట్టి మట్టిలాగే ఉంటుంది. ఒక నీలం గిన్నె అంచు దగ్గర గ్లేజు జారి చుక్కగా ఆగిపోయింది. లోపం కదా, తగ్గించమన్నాను. నవ్వింది, తగ్గించలేదు. అదే కొన్నాం.

మర్నాడు రైలుకి దగ్గరగా ఉంటుందని రెండో రాత్రి స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం. ఏసీ, లిఫ్టు, వేడినీళ్ళు, వేటికీ వంక లేదు. పొద్దున రూము ఖాళీ చేసి, పెట్టె రిసెప్షన్‌లో ఇచ్చి, "పగిలే సామాను బాబూ" అని రెండుసార్లు చెప్పి బీచ్ రోడ్డుకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి దాని మీద ఎవరివో రెండు సూట్‌కేసులు. "ఏం కాదు మేడం" అన్నాడు రిసెప్షన్ అబ్బాయి. సిరామిక్ మోసుకెళ్ళేవాళ్ళు మూడంతస్తులెక్కినా సరే, లాసన్స్ బేలోనే ఉండండి.

ఇంటికొచ్చి విప్పితే గడ్డిలో కూజా భేషుగ్గా ఉంది. ఒక్క వరస పేపరు చుట్టిన నీలం గిన్నెకే అంచు లేచిపోయింది. జారిన చుక్క మాత్రం మిగిలింది. స్టూడియోలో గడ్డి ఉండదు, ఇంకో రెండు వరసలు చుట్టమని మేమే అడగాల్సింది.

ఇప్పుడు పై అరలో కూజా, మధ్య అరలో అత్తమ్మ పాత ఆవకాయ జాడీ, దాని పక్కన గిన్నె. పెచ్చు లేచిన వైపు గోడకి తిప్పి పెట్టాను. ఇంటికెవరొచ్చినా వదిన దాన్ని తీసి, పెచ్చు చూపించి, హోటలు కథ మొదట్నుంచీ చెబుతోంది.