స్టిచ్ ఫిక్స్‌లో స్టైలిస్టుగానా, సొంత క్లయింట్లతోనా: ఇంటి నుంచి చేసే బట్టల పనిలో ఏది మేలు?

డాలస్ చుట్టుపక్కల హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వీసా మీదున్న వాళ్ళ జీవిత భాగస్వాముల్లో అర్హులకిచ్చే పని అనుమతి కార్డు) చేతికొచ్చి, ఐటీ వైపు మనసు పోని ఆడవాళ్ళు అడిగే ప్రశ్న ఇది: "బట్టలు ఎంచడంలో నాకు మంచి చూపుంది, ఇంట్లో కూర్చుని స్టైలిస్టుగా పనిచెయ్యొచ్చా?" చెయ్యొచ్చు. దారులు రెండున్నాయి. ఒకటి, ఆన్‌లైన్ బట్టల కంపెనీలో జీతానికి చేరడం. ఈ తరహాలో ఎక్కువమందికి తెలిసిన పేరు స్టిచ్ ఫిక్స్. రెండోది, సొంతంగా క్లయింట్లను చూసుకుని వీడియో కాల్‌లో సలహా ఇవ్వడం. గంటకు ఎంతొస్తుందని అందరూ లెక్కలు వేస్తారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీ ఎంపిక నచ్చిన మనిషి రేపు మళ్ళీ వస్తే, ఎవరిని వెతుక్కుంటూ వస్తుంది? మిమ్మల్నా, కంపెనీనా?

ముందు కంపెనీ పని ఎలా ఉంటుందో చూద్దాం, ఎందుకంటే అపోహలన్నీ దీని మీదే. కత్రినా లేక్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతూ 2011లో పెట్టిన కంపెనీ స్టిచ్ ఫిక్స్. కస్టమరు తన కొలతలు, బడ్జెట్, ఇష్టాలు రాసిస్తుంది. స్టైలిస్టు మామూలుగా ఐదు వస్తువులు ఎంచుతుంది. అవి పెట్టెలో ఇంటికి వెళ్తాయి. నచ్చినవి ఉంచుకుని మిగతావి తిప్పి పంపేస్తారు. స్టైలింగ్ ఫీజు 20 డాలర్లు, ఏదైనా కొంటే బిల్లులో తగ్గిస్తారు. ఇందులో స్టైలిస్టు ఒక్క బట్టనూ ముట్టుకోదు. పెట్టె సర్దేది గోదాములో వేరేవాళ్ళు. ఆమె ముందుండేది కంప్యూటర్ తెర. దాని మీద అల్గారిదం, అంటే కంపెనీ కంప్యూటర్ ప్రోగ్రామ్, ముందే వడగట్టి వరసపెట్టిన సరుకు ఉంటుంది. అందులోంచి, కస్టమరు రాసిన నాలుగు ముక్కలు చదివి, ఎంచాలి. "చేతులు కప్పాలి, ఉక్కపోయకూడదు" అని ఒకామె రాస్తుంది. "కాన్పయి మూడు నెలలైంది, పాత కొలతలు చూడొద్దు" అని ఇంకొకామె. ఎంచాక, ఇవే ఎందుకు పంపుతున్నానో, దేంతో ఏది వేసుకోవాలో ఒక చిన్న ఉత్తరం రాయాలి, అదీ ఇంగ్లీషులో, చనువుగా.

కాబట్టి పట్టు గుర్తుపట్టే చెయ్యి, కంచి అంచు చూసి ఖరీదు చెప్పే కన్ను ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. కావలసింది మనిషి రాసిన దాని వెనక రాయనిది చదవగలగడం, అమెరికన్ ఆఫీసు దుస్తుల మర్యాదలు తెలియడం, పెటీట్‌కీ (పొట్టి వాళ్ళ సైజు) ప్లస్‌కీ (లావు వాళ్ళ సైజు) తేడా, బ్రాండును బట్టి మారిపోయే సైజులు తలలో ఉండటం. ఇవి నేర్చుకోగలిగినవే. కానీ ఫ్యాషన్ కోసమని చేరి, రోజంతా ప్రొఫైళ్ళు చదువుతూ టైపు చేస్తూ కూర్చోవాల్సి వచ్చేసరికి నీరసపడే వాళ్ళుంటారు.

ఇంక "మనకు వీలైన వేళల్లో" అనే మాట. ఒకప్పుడు ఈ ఉద్యోగానికి అసలు ఆకర్షణే అది. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి కూర్చున్నా సరే అనేవారు. 2021లో ఆ పద్ధతి మార్చి, వారానికి కనీసం 20 గంటలు, అదీ నిర్ణీత వేళల్లో చెయ్యాలన్నారు. చాలామంది మానేశారు. అంతకు ముందు ఏడాది, 2020 జూన్‌లో, కాలిఫోర్నియాలో సుమారు 1,400 మంది స్టైలిస్టులను తీసేస్తున్నామనీ, ఖర్చు తక్కువుండే డాలస్, ఆస్టిన్, మినియాపొలిస్ లాంటి చోట్ల సుమారు 2,000 మందిని తీసుకుంటామనీ ప్రకటించారు. ఇంటి నుంచి చేసే పనికి ఊరితో ఏం పని అనుకుంటాం గానీ, ఉంది. డాలస్ వాళ్ళకు అప్పుడది కలిసొచ్చింది. రేపు ఇంకో చవకైన ఊరు దొరికితే అదే లెక్క మనకు ఎదురు తిరుగుతుంది. ఆ 2021లోనే, స్టైలిస్టుతో పనిలేకుండా కస్టమరే నేరుగా కొనుక్కునే ఫ్రీస్టైల్ కూడా తెచ్చారు. పోటీ సంస్థ ట్రంక్ క్లబ్‌ను పెద్ద బట్టల దుకాణాల సంస్థ నార్డ్‌స్ట్రామ్ 2014లో కొని, 2022లో మూసేసింది. ఇలాంటప్పుడు స్టైలిస్టుకు మిగిలేది అనుభవం మాత్రమే. కస్టమర్ల జాబితా ఎప్పుడూ కంపెనీదే.

డబ్బు విషయంలో మాత్రం కంపెనీ వైపే మొగ్గు. డబ్ల్యూ-2 ఉద్యోగంలో, అంటే కంపెనీ జీతంలోంచే పన్ను పట్టుకునే ఉద్యోగంలో, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (పెద్దవయసు వైద్యం) పన్నులు కలిపి మీ జీతంలోంచి 7.65 శాతం పోతుంది, కంపెనీ ఇంకో 7.65 కడుతుంది. సొంతంగా చేస్తే ఆ రెండూ కలిపి 15.3 శాతం మీదే. ఏడాదికి నికర ఆదాయం 400 డాలర్లు వచ్చినా లెక్క చూపించాలి, పన్ను పెద్దదైతే మూడు నెలలకోసారి ముందుగానే కట్టుకోవాలి. పైకి కనపడని గంటలు కూడా ఉన్నాయి. గంట కాల్‌కి 60 డాలర్లు తీసుకున్నారనుకోండి, ఆ కాల్ కోసం రెండు గంటలు సైట్లు వెతికితే చేతికొచ్చేది గంటకు 20, అదీ పన్నుకు ముందు.

మరి సొంత పనికి ఎవరు డబ్బిస్తారు? ఇక్కడే మనవాళ్ళకు నిజమైన అవకాశం. అమెరికన్ ఆఫీసులో కొత్తగా చేరబోయే వాళ్ళకు ఏ జాకెట్ మీద ఏ ప్యాంటు అని చెప్పేవాళ్ళు కావాలి. అంతకన్నా పెద్దది పెళ్ళి బట్టలు. హైదరాబాద్ షాపులో పిల్లాడు వీడియో కాల్‌లో చీర విప్పి చూపిస్తుంటే, ఆ లైటు కింద రంగు ఎంత మారిందో పట్టుకునేవాళ్ళు, ఆది జాకెట్టు ఎవరి చేత పంపాలో, దర్జీకి ఏం చెప్పాలో తెలిసినవాళ్ళు కావాలి. పెట్టెలో ఐదు వస్తువులు పంపే కంపెనీ ఇది చెయ్యలేదు. పైగా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు అన్ని దేశాలకూ ఎత్తేశారు. ఇండియా నుంచి వచ్చే లెహంగాకు ఇప్పుడు సుంకం పడుతుంది. నప్పకపోతే నష్టం ఇదివరకటికన్నా ఎక్కువ కనుక, ముందే సరిగ్గా ఎంచి పెట్టే మనిషి విలువ పెరిగింది.

చిక్కల్లా డబ్బడగడం దగ్గరే. "అక్కా, ఒక్క ఫొటో పంపుతాను, చూసి చెప్పవా" అనే వాళ్ళు వారానికి నలుగురైనా ఉంటారు. ఫీజు ముందే రాసి పంపడం, కాల్‌కు ముందే తీసుకోవడం తప్ప దీనికి మందు లేదు. షాపు నుంచి కమిషన్ తీసుకుంటుంటే ఆ సంగతి క్లయింటుకు చెప్పి తీరాలి. నా మటుకు కమిషనే వద్దంటాను. ఒకసారి అలవాటైతే సలహా వంకర పోతుంది. (కమిషన్ మీద పనిచెయ్యడమే ఇష్టమైతే మాల్‌లో స్టైలిస్టు ఉద్యోగాలున్నాయి, కానీ అది ఇంటి పని కాదు, శనాదివారాలు పోతాయి.)

వీసా సంగతి. హెచ్-4 ఈఏడీతో ఉద్యోగమైనా, సొంత పనైనా చెయ్యొచ్చు. ఈఏడీ లేని హెచ్-4 వాళ్ళు రెండూ చెయ్యకూడదు, ఫీజు ఇండియా ఖాతాలో వేయించుకున్నా సరే, పని జరిగింది అమెరికాలోనే. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన ఈఏడీ పునరుద్ధరణ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు రావడం ఆలస్యమైతే కంపెనీ మిమ్మల్ని పనిలోంచి ఆపుతుంది, సొంత క్లయింట్ల పనీ మీరే ఆపుకోవాలి. తేడా ఏమిటంటే, మీ క్లయింట్లకు ఫోన్ చేసి కొన్నాళ్ళు ఆగమని అడగొచ్చు. ఇంకో మాట: చేరకముందే చెక్కు పంపి, అది బ్యాంకులో వేసుకుని ల్యాప్‌టాప్ కొనమనే "స్టైలిస్టు ఉద్యోగం" మోసం, ఆ చెక్కు చెల్లదు.

నా ఓటు సొంత క్లయింట్లకే, అయితే మొదటి ఏడాది కాదు. ఈ దేశపు సైజులు, ఆ ఉత్తరాల భాష, తిప్పి పంపిన బట్ట మీద కస్టమరు రాసే కారణాలు చదవడం, ఇవన్నీ జీతం తీసుకుంటూ నేర్చుకునే వీలు కంపెనీలోనే ఉంది. వారానికి 20 గంటలు పగటిపూట కుదిరితే అక్కడే మొదలుపెట్టండి. కుదరకపోతే, తెలిసినవాళ్ళలో పెళ్ళి ఉన్న ఇల్లొకటి చూసుకుని చిన్న ఫీజుతో నేరుగా దిగండి. కంపెనీలో చేరేవాళ్ళు మాత్రం ఆఫర్ కాగితాల్లో బయటి పని గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదవండి. స్టైలింగ్ పని బయట చెయ్యకూడదని ఉంటే, పక్కన మెల్లగా క్లయింట్లను పెంచుకుందామనే ఆలోచన అక్కడే ఆగిపోతుంది.